కార్తీకంలో పెద్దరసం

ముందు మిమ్మల్నే ఒకటి అడగాలి. ఇంటి ముందు కారు బానెట్ ఎత్తి ఉంటే చాలు, చుట్టూ చేరి, నడుం మీద చేతులు పెట్టుకుని, లోపలికి తొంగిచూసి "ఊఁ... ఇది అదే" అని తలాడించే మగవాళ్లున్నారే, వాళ్లలో ఎంతమందికి అక్కడ ఏది ఏమిటో తెలుసు? వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పండి. ఒక చెయ్యి చాలు. అందులోనూ వేళ్లు మిగిలిపోతాయి.

ప్రవల్లికకు మూడు వారాలుగా ఆ లెక్కే సరిపోయింది.

నూజివీడు నుంచి ముసునూరు పోయే రోడ్డు పక్కన వాళ్ల మామిడితోట. తోట ముందు ఇల్లు, ఇంటి ముందు ఎనిమిదేళ్ల తెల్ల కారు. పొద్దున్నే కాఫీ తాగి, ఆ కారు స్టార్ట్ చేసి, స్టీరింగ్ మీద చెయ్యి ఆనించి వినడం ఆమెకు రోజూ చేసే పని అయిపోయింది. మూడు దెబ్బలు సరిగ్గా పడేవి, నాలుగోది తప్పేది. మళ్లీ మూడు, మళ్లీ ఒకటి తప్పేది. కాలికి ముల్లు గుచ్చుకున్న మేకలాగా బండి మొత్తం వణికేది. మూడో గేరులో ఎత్తు ఎక్కించబోతే వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు ఆగి ఆగి పోయేది. ఎదురుగా పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగేది, ఆరేది, వెలిగేది.

"కల్తీ పెట్రోలు," అన్నాడు మొదటి వారం బాబాయి ప్రేమ్‌చంద్. ఆయన ప్రవల్లిక తండ్రి తిరుపతిరావుకి తమ్ముడు, పక్కిల్లే. ఫోన్‌లో కార్ల వీడియోలు చూసి చూసి మెకానిక్ అయిపోయాననుకునే మనిషి. పెట్రోలంతా బయటికి తీయించారు. దెబ్బ తప్పడం పోలేదు.

"ఎయిర్ ఫిల్టర్," అన్నాడు రెండో వారం. కొత్తది వేశారు. పోలేదు.

"దిష్టి," అన్నాడు మూడో వారం, బ్యాటరీ కూడా మార్చేశాక.

"బాబాయ్, లోపల ఒక్క బోల్టయినా విప్పి చూశావా?"

"చూడక్కర్లేదమ్మా. శబ్దం వింటే చెప్పేస్తాను."

"మూడు వారాలుగా వింటూనే ఉన్నావుగా. మూడు చెప్పావు, మూడూ తప్పు."

"అందుకే, ఇక మిగిలింది దిష్టేగా," అన్నాడు ఆయన ఏమాత్రం తొణక్కుండా.

ప్రవల్లిక ఇంతగా మండిపడటానికి కారణం షెడ్డు. తోటకీ రోడ్డుకీ మధ్య రేకుల షెడ్డు ఒకటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అందులో కాయలు గ్రేడింగ్ చేసి పెట్టెలకెత్తుతారు. మిగతా తొమ్మిది నెలలూ ఖాళీ క్రేట్లు, ఎలుకలు, బాబాయి మధ్యాహ్నం కునుకు తీసే నులకమంచం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి రెండేళ్లుగా ఇంట్లో ఉన్న ప్రవల్లిక ఆ షెడ్డు తనకిమ్మంది. అందులో కార్లు బాగుచేస్తానంది.

పోయిన ఆదివారం ఆ మాట విని తిరుపతిరావు అన్నం కలపడం ఆపేశాడు.

"మనింట్లో బండే నడవటం లేదు, నువ్వు ఊళ్లో బండ్లు బాగుచేస్తావా? సరే. వచ్చే ఆదివారం విస్సన్నపేట నుంచి నారాయణరావు వస్తున్నాడు, పాత కార్లు కొంటాడుగా, ఆయన. అప్పటికి బండి సరిగ్గా నడిస్తే షెడ్డు నీది. నడవకపోతే బండి ఆయనకిచ్చేస్తాను, నువ్వు ఆ స్కూలు ఆఫీసులో ఉద్యోగానికి చేరు. బస్సు గేటు ముందే ఆగుతుంది."

"మాట మీద ఉంటావా నాన్నా?"

"ఉంటాను," అన్నాడు. తల్లి విజయలక్ష్మి గాలి పీల్చి చూసి, "ఉంటారులే," అని పెరుగు వడ్డించింది.

ఎందుకంటే తిరుపతిరావు అబద్ధం చెబితే మామిడిపండు వాసన వస్తుంది. చిన్న అబద్ధానికి చిన్నరసం, పెద్దదానికి పెద్దరసం, బంధువుల దగ్గర గొప్పలకి బంగినపల్లి. పుట్టినప్పటి నుంచీ అంతే. ఆ చుట్టుపక్కల ఒకాయనకు మోకాళ్ల నొప్పులు, ఒకాయనకు షుగరు, ఈయనకు ఇది. పెళ్లిచూపులనాడు ఈయన "నాకసలు కోపమే రాదు" అన్నప్పుడు, మార్గశిర మాసపు చలిలో విజయలక్ష్మి వాళ్ల హాలంతా బంగినపల్లి ఘుమఘుమలాడింది. అయినా ఆమె చేసుకుంది. కోపం వచ్చే మగాళ్లు ఎక్కడైనా ఉంటారు, కనీసం ఈయన సంగతి ముందే తెలిసింది కదా అనుకుంది.

వేసవి మూడు నెలలూ మాత్రం ఆయనకు అడ్డు లేదు. ఊరంతా అదే వాసన కాబట్టి ఏడాదికి సరిపడా అబద్ధాలు ఆ సీజన్‌లోనే ఆడేసుకునేవాడు. కాయ అయిపోయాక జాగ్రత్త పడేవాడు. ఏదడిగినా ఇంకేదో మాట్లాడేవాడు, లేదా తోటలోకి నడిచిపోయేవాడు. మరీ తప్పనిసరైతే ఫోన్ చేసేవాడు. ఫోన్‌లో వాసన పోదు కదా. మోటారు గది వెనక నిలబడి ఆయన ఫోన్ మాట్లాడుతుంటే ఇంట్లోవాళ్లు అటు పోయేవాళ్లు కాదు.

బుధవారం పొద్దున ప్రవల్లిక తెప్పించుకున్న స్కానర్ వచ్చింది. అగ్గిపెట్టంత ఉంది. స్టీరింగ్ కింద గుచ్చితే ఇంజిన్ తన జబ్బేమిటో ఫోన్‌కి చెబుతుంది. బాబాయి, పాలాయన, రోడ్డున పోతూ ఆగిన ఇద్దరూ చుట్టూ చేరారు. ఫోన్‌లో ఒక నంబరు పడింది.

"మూడో సిలిండర్," అంది ప్రవల్లిక. మూడు వారాల్లో మొదటిసారి ఎవరో సూటిగా జవాబు చెప్పినందుకు ఆ పరికరాన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది. "ఉన్నవి నాలుగు. మూడు పనిచేస్తున్నాయి, మూడోదాంట్లో నిప్పు అంటుకోవటం లేదు."

"నేను మొదట్నుంచీ అదే చెబుతున్నా," అన్నాడు బాబాయి.

ఒక్కో సిలిండర్‌కి నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఒకటి, దాని నెత్తిన దానికి కరెంటు ఇచ్చే కాయిల్ ఒకటి. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, బ్యాటరీ వైరు తప్పించి, ఆమె ఒకటో కాయిల్‌నీ మూడో కాయిల్‌నీ విప్పి అటుదిటు ఇటుదటు మార్చింది. తప్పు కాయిల్‌దైతే దానితోపాటు జబ్బు కూడా ఒకటో సిలిండర్‌కి మారాలి. మళ్లీ స్టార్ట్ చేసింది. జబ్బు కదల్లేదు. మూడులోనే ఉంది. అంటే కాయిల్ మంచిదే, తేడా కింద ఉంది.

మూడో కాయిల్ మళ్లీ ఎత్తి, టార్చి వేసి ప్లగ్గు కూర్చునే లోతు గుంటలోకి చూసింది. అడుగున తడి. గోడలకి ఆకుపచ్చటి పొర, ఇత్తడి చెంబుకి చిలుము పట్టినట్టు.

బాబాయి ఆమె భుజం మీంచి చూసి కేకేశాడు. "అన్నయ్యా! కూలెంట్! ఇంజిన్‌లోకి కూలెంట్ కారుతోంది! హెడ్ పోయింది!"

వరండాలో పేపరు చదువుతున్న తిరుపతిరావు లేచి వచ్చాడు. ఇంజిన్‌ని చల్లబరిచే ఆ కూలెంట్ ఆకుపచ్చగానే ఉంటుంది, నిజమే. డబ్బాలో మట్టం గీతకి వేలెడు కిందికే ఉంది, అదీ నిజమే. ఎప్పటినుంచి ఉందో ఎవరూ చూడలేదు. హెడ్, అంటే ఇంజిన్ నెత్తిన మూత, పోతే ఇంజిన్ మొత్తం విప్పాలి, ఇంటి దగ్గర అయ్యే పని కాదు. కానీ ఆ పచ్చరంగు ప్రవల్లికకు వేరేచోట బాగా అలవాటు. మబ్బు పట్టినప్పుడు తోటకి కొట్టే రాగి మందు ఆకుల మీద ఆరితే సరిగ్గా అలాగే ఉంటుంది.

"నాన్నా, ఇంజిన్ మీద మందుకొట్టే పంపుతో నీళ్లు కొట్టావా?"

"హెడ్ పోయిన బండిని విప్పదీసి పెడితే నారాయణరావు వెనక్కి పోతాడు. ఆదివారం దాకా ఎవరూ స్పానర్ పెట్టొద్దు," అన్నాడు తిరుపతిరావు, బండి తాళం తీసి జేబులో వేసుకుంటూ.

"అడిగింది అది కాదు నాన్నా!"

ఆయన అప్పటికే తోటలో ఉన్నాడు.

గురువారం భోజనాల దగ్గర మళ్లీ అడిగింది. "దసరానాడు బండికి పూజ చేశాం కదా. నేను పూలదండల కోసం నూజివీడు వెళ్లాను. వచ్చేసరికి బండి తళతళలాడుతోంది. ఇంజిన్‌తో సహా. ఎవరు కడిగారు?"

"చారు ఉప్పగా ఉంది," అన్నాడు తిరుపతిరావు.

వంటింట్లో సన్నగా చిన్నరసం వాసన.

"ఉప్పు సరిపోయిందన్నమాట," అంది విజయలక్ష్మి.

శుక్రవారం చెట్ల మధ్య వెంటపడింది. కాలేజీ డిబేట్‌లో ఎంతటివాణ్నైనా మూడు ప్రశ్నల్లో గోడకి ఆనించిన పిల్ల. ఇక్కడ గోడే లేకుండా పోయింది, అన్నీ చెట్లే.

"నాన్నా, కడిగానను, లేదా కడగలేదను. రెండే మాటలు."

"ఈ కొమ్మకి చీమలు చూశావా, గూడు కట్టేస్తున్నాయి."

"కడిగావా?"

"మధ్యాహ్నం ఎండ ఎక్కువైంది ఈ మధ్య."

"నాన్నా!"

"నీ గొంతు రోడ్డు దాకా వినబడుతోందే. మనిషన్నాక నెమ్మది ఉండాలి."

ఆమె చేతిలో ఉన్న ఎండు మామిడి పుల్ల రెండు ముక్కలు, నాలుగు ముక్కలు, ఎనిమిది ముక్కలు అయింది. ఒక మనిషి అడిగినదానికి అబద్ధమూ ఆడకుండా నిజమూ చెప్పకుండా ముప్ఫై ఏళ్లు సంసారం చేయగలడని ఆ రోజు కళ్లారా చూసింది. ఇంటికొచ్చి తల్లి దగ్గర కూలబడింది.

"ఎలా భరిస్తున్నావమ్మా?"

"అడగడం మానేశాను," అంది విజయలక్ష్మి చిక్కుడుకాయలు వలుస్తూ. "నువ్వు మానకు."

శనివారం సాయంత్రం ఆ అడిగే పని ప్రవల్లిక చెయ్యలేదు. బాబాయి చేశాడు, అది కూడా అన్నకి మేలు చేద్దామనుకునే.

అందరూ వరండాలో ఉండగా నారాయణరావుకి ఫోన్ కలిపి, స్పీకర్ ఆన్ చేసి, "అన్నయ్యా, బండి సంగతి నువ్వే చెప్పు, ఆయన అడుగుతున్నాడు," అని అన్న ముఖం ముందు పెట్టాడు. తిరుపతిరావు మోటారు గది వైపు ఆశగా చూశాడు. అటు పోవడానికి దారిలో కూతురు నిలబడి ఉంది.

"ఏంటి తిరుపతిరావూ, ఇంజిన్ మీద నీళ్లు గానీ పడ్డాయా?" అంది ఫోన్. "పడితే చెప్పు, అది వేరే లెక్క."

ఫోన్‌లో మాట్లాడే అలవాటు ఆయన్ని ముంచింది. ఎదురుగా ఫోన్ ఉంటే చాలు, ఆయన నాలుకకి పగ్గాలు ఉండవు. చుట్టూ మనుషులున్న సంగతి ఆ రెండు క్షణాలు మర్చిపోయాడు.

"నీళ్లా! చుక్క పడలేదు. నేనసలు బానెట్ ఎత్తనే లేదు. ఈ పిల్లే తోలి తోలి పాడుచేసింది."

వాసన వరండా మెట్ల మీంచి వాకిట్లోకి పొంగింది. పెద్దరసం. కోసి బుట్టలో గడ్డి వేసి మాగబెట్టి, అయిదో రోజు గడ్డి తీసినప్పుడు వచ్చే వాసన. కార్తీక మాసంలో. రోడ్డు మీద పోతున్న గేదె ఆగి ఇటు తల తిప్పింది. ఎక్కడున్నాయో ఏమో, నాలుగు కందిరీగలు వచ్చి తిరుపతిరావు తల చుట్టూ తిరిగాయి. ఫోన్‌లో నారాయణరావు మాత్రం, "సరే సరే, రేపొస్తాను," అని పెట్టేశాడు.

విజయలక్ష్మి లేచి దీపం పెట్టడానికి లోపలికి పోతూ, "పెద్దరసం," అంది, పంచాంగంలో తిథి చదివినట్టు.

ప్రవల్లిక చెయ్యి చాచింది. తిరుపతిరావు కందిరీగల్ని తోలుకుంటూ జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు.

"పంపులో మందు ఉందా, ఉత్త నీళ్లా?"

"అడుగున కొంచెం ఉండిపోయినట్టుంది," అన్నాడు నేల చూస్తూ. వాసన తగ్గడం మొదలైంది.

"ఇంజిన్ మీద నీళ్లు కొట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను నాన్నా!"

"చెట్ల మీద దుమ్ము పోతుంది కదా, దీనికీ పోతుందనుకున్నాను. పూజకి శుభ్రంగా ఉండాలని..."

"పోయింది. దుమ్ముతోపాటు మూడు వారాలు కూడా పోయాయి."

మిగిలిన కాస్త వెలుతురు పోకముందే బ్యాటరీ వైరు తప్పించి, కాయిల్ ఎత్తి, పనిలో దిగింది. గుంటలో చెత్త ఉండగా ప్లగ్గు తీస్తే అదంతా నేరుగా సిలిండర్లోకి రాలుతుంది. అందుకని సిరంజికి సన్న గొట్టం తొడిగి అడుగున ఉన్న తడి పీల్చింది. స్పిరిట్‌లో ముంచిన గుడ్డని పుల్లకి చుట్టి ఆ పచ్చపొరని పొడిపొడిగా తుడిచింది. సైకిల్ పంపుతో గాలి కొట్టి, టార్చి వేసి చూసి, మళ్లీ కొట్టింది. అప్పుడు గాని పొడుగు సాకెట్ పెట్టి ప్లగ్గు తిప్పలేదు.

ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద పై నుంచి కింది దాకా సన్నటి నల్లగీత ఉంది. "చూశావా," అంది ఎవరితో అని లేకుండా. పక్కకి చూస్తే తండ్రి నిలబడి ఉన్నాడు. "నిప్పు లోపల పుట్టాలి. మందునీళ్లు దారి ఇస్తే పక్కనుంచి పారిపోయింది. ఈ గీత దాని దారి."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ గీతని చాలాసేపు చూశాడు.

"ఆ షెడ్డు రోడ్డు మీదుందే," అన్నాడు చివరికి. "నూనె చేతుల్తో, మసి బట్టల్తో... బస్సులో పోయేవాళ్లంతా చూస్తారు."

"చూడనీ నాన్నా. చూస్తేనే కదా బండి ఆపేది."

వాసన ఏమీ లేదు. ఆ భయం మాత్రం అబద్ధం కాదని ఆమెకు అర్థమైంది. కోపం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంచుకుంది, అవసరం పడుతుందని. స్కానర్‌తోపాటు తెప్పించిన కొత్త ప్లగ్గు చేత్తో తిప్పి కూర్చోబెట్టి, ఆపైన స్పానర్‌తో బిగించి, తుడిచి ఆరబెట్టిన రబ్బరు తొడుగుతో కాయిల్ పెట్టి, బ్యాటరీ వైరు తగిలించి, స్టార్ట్ చేసింది. నాలుగు దెబ్బలు. మళ్లీ నాలుగు. పసుపు బొమ్మ ఆరిపోయేలా స్కానర్‌తో పాత తప్పులు చెరిపేసి, ముసునూరు దాకా పోయి వచ్చింది. ఎత్తులో మూడో గేరు. ఎవరూ చొక్కా పట్టుకుని లాగలేదు.

ఆదివారం పదిగంటలకి నారాయణరావు తన కారులో దిగాడు. పాడైన బండికి తగ్గట్టు ముఖం ముడుచుకుని వచ్చినవాడు, తెల్ల కారు స్టార్ట్ చేయించి ఒక నిమిషం విని, ముడత విప్పేశాడు.

"దీనికేం జబ్బు? బ్రహ్మాండంగా ఉంది. ఎవరు చేశారు?"

"విజయవాడ పంపించాం," అన్నాడు బాబాయి ఠక్కున. ఆయన అబద్ధాలకి ఏ వాసనా ఉండదు, అందుకే ఆయన మాట ఎవరూ లెక్కపెట్టరు. నారాయణరావు కూడా ఆయన వైపు చూడనైనా లేదు. నేరుగా తిరుపతిరావు ముందుకెళ్లి నిలబడ్డాడు.

"నువ్వు చెప్పు."

తిరుపతిరావు తోట వైపు చూశాడు. కొమ్మలకి చీమలున్నాయి, ఎండ ఉంది, మాట్లాడటానికి బోలెడు సంగతులున్నాయి. ప్రవల్లిక గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆగిపోయింది. విజయలక్ష్మి గడపలో ఆగింది. బండి అయితే నడుస్తోంది, కానీ నడిపించిందెవరో ఆయన ఒప్పుకుంటేనే షెడ్డు వస్తుంది, తప్పించుకుంటే స్కూలు బస్సు వస్తుంది.

"పాడుచేసింది నేను," అన్నాడు తిరుపతిరావు. "దసరాకి మందుకొట్టే పంపుతో ఇంజిన్ కడిగాను. వద్దని చెప్పినా కడిగాను. నిన్న నీకు ఫోన్‌లో చెప్పింది అబద్ధం. ఏ సిలిండరో పట్టుకుని, విప్పి, బాగుచేసింది మా అమ్మాయి. ఇంకెవరూ చెయ్యి వెయ్యలేదు."

నారాయణరావుకి ఆయనతో నలభై ఏళ్ల పరిచయం. కళ్లు మూసుకుని దీర్ఘంగా గాలి పీల్చాడు. దగ్గరికి జరిగి ఇంకోసారి పీల్చాడు. కాస్త పెట్రోలు, వాకిట్లో చల్లిన నీళ్లకి తడిసిన మట్టి. మామిడి లేదు. ఏ రకమూ లేదు.

ఆయన జేబులో చెయ్యి పెట్టి తన కారు తాళం తీశాడు.

"అమ్మాయ్, చాట్రాయి వైపు ఎత్తు ఎక్కేటప్పుడు నా బండి కూడా లాగటం లేదు. ముగ్గురు చూశారు, ముగ్గురూ మూడు చెప్పారు. నువ్వు చూడు."

బాబాయి షెడ్డులోకి పోయి తన నులకమంచం మడిచి బయటికి తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత చాలా రోజులు బండ్లవాళ్లు ముందు గేటు దగ్గరే ఆగేవాళ్లు. "ఏమండీ, మీ అమ్మాయి బాగా చేస్తుందా?" అని తిరుపతిరావుని అడిగేవాళ్లు. ఆయన, "చేస్తుంది," అనేవాడు. వాళ్లు ముక్కుతో ఒకసారి చూసుకుని బండి లోపలికి తోలేవాళ్లు. వేసవి వచ్చింది. ఊరంతా అదే వాసన కమ్మి ఆయన మాటకి విలువ పోయింది, కానీ అప్పటికి అడిగేవాళ్లే లేరు. బండ్లు నేరుగా ప్రవల్లిక దగ్గరికే వస్తున్నాయి. కాయలకి షెడ్డు ఖాళీ చెయ్యమని ఆయన అడగలేదు. పక్కన తాటాకు పందిరి వేయించి, కాయలు అందులో పోయించాడు.

ఇప్పుడు మీ సంగతి. మీ ఇంట్లోనూ ఒక పిల్ల బానెట్ ఎత్తి, టార్చి పట్టుకుని, దీన్ని ఎవరు ముట్టుకున్నారు, ఏం చేశారు అని అడుగుతుంది. అప్పుడు నడిచిపోకండి. మీరు అబద్ధమాడితే ఏ వాసనా రాదు, మీరు చెబితే తప్ప ఆమెకి తెలిసే దారి లేదు. నిలబడండి. ఏం చేశారో చెప్పండి. చెప్పి, టార్చి ఆమె చేతిలోంచి మీరు తీసుకుని, ఆమె చూడమన్న చోటికి వెలుగు పట్టండి.